ఆ రంగు నిజమైనదేనా? గ్రహాల నుంచి వచ్చిన ఫొటోలు, చూసినవాళ్ల మాటలు

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈసారి ఒక వాయిస్ మెసేజ్‌తో మొదలుపెడుతున్నాం. పోయిన ఎపిసోడ్ కవర్‌కి నెప్ట్యూన్ ఫొటో పెట్టాం కదా, ముదురు నీలంగా ఉన్నది, దాన్ని చూసి ఒక శ్రోత అడిగారు: "ఇది నిజంగా ఇలాగే ఉంటుందా, లేక కంప్యూటర్లో రంగు వేశారా?" నేను వెంటనే "అసలు ఫొటోనే అండీ, వాయేజర్ 2 నౌక తీసింది" అని జవాబు పెట్టేశాను. పెట్టాక అక్క ఫోన్ చేసింది.

అక్క: చేయకుండా ఎలా ఉంటాను? వాయేజర్ 2 తీసిందన్న మాట నిజమే, 1989 ఆగస్టులో. కానీ ఆయన అడిగింది రంగు గురించి. ఆ రంగు నిజం కాదు. నెప్ట్యూన్ అంత ముదురుగా ఉండదు. దాదాపు యురేనస్ లాగే ఆకుపచ్చ కలిసిన లేత నీలం, దానికన్నా ఒక్క పిసరు నీలం ఎక్కువ. మబ్బులూ, మచ్చలూ బాగా తేలి కనపడాలని అప్పట్లో కాంట్రాస్ట్ పెంచి విడుదల చేశారు. పెంచామని పక్కన రాశారు కూడా. ఆ ఫొటో చేతులు మారిన కొద్దీ పక్కన రాసింది రాలిపోయి బొమ్మ మాత్రం మిగిలింది. పుస్తకాల్లోకి, పోస్టర్లలోకి అదే ఎక్కింది.

తమ్ముడు: 2024 జనవరిలో కదా అది మళ్లీ బయటికొచ్చింది?

అక్క: అవును, ఆక్స్‌ఫర్డ్‌లో ప్యాట్రిక్ ఇర్విన్ బృందం పాత డేటాను కొత్త కొలతలతో సరిచూసి, రెండు గ్రహాలనూ పక్కపక్కన పెట్టి చూపించింది. పరిశోధకులకు అది కొత్త సంగతేమీ కాదు. కానీ మామూలు జనానికి ముప్పై ఏళ్లుగా కళ్లలో ఉన్న నీలం ఒక్క రోజులో వెలిసిపోయింది. "ఇన్నాళ్లూ మమ్మల్ని మోసం చేశారా" అన్నవాళ్లు ఎంతమందో. ఆ కోపంలో నాకు తప్పేమీ కనపడలేదు. ఇలాంటప్పుడు "జనానికేం తెలుసు" అని కొట్టిపారేసేవాళ్లుంటారు చూడు, వాళ్లంటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఫొటో చూసి "ఇది నిజమేనా" అని అడిగినవాడు దాన్ని సరిగ్గా చూసినట్టే లెక్క. జవాబు చెప్పాల్సిన బాధ్యత ఫొటో ఇచ్చినవాళ్లది.

తమ్ముడు: సరే, మొదటి నుంచి వెళ్దాం. నువ్వు ఎప్పుడూ చెప్పే మారినర్ 4 నౌక కథతోనే. ఇంకో గ్రహాన్ని దగ్గర నుంచి తీసిన తొలి ఫొటోలు అవే కదా, 1965 జూలై.

అక్క: ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. మారినర్ 4 అంగారకుడి పక్క నుంచి వెళ్తూ ఇరవై ఒక్క ఫొటోలూ, ఇరవై రెండో దానిలో కొంచెమూ తీసి టేపు మీద దాచుకుంది. ఒక్కో ఫొటో అడ్డం 200, నిలువు 200 చుక్కలు, అంటే మొత్తం నలభై వేల చుక్కలు. ఒక్కో చుక్క ఎంత వెలుగుగా ఉందో చెప్పడానికి 0 నుంచి 63 వరకు ఒక అంకె. ఆ అంకెలు భూమికి చేరే వేగం సెకనుకు ఎనిమిది బిట్లు, కొంచెం పైన. లెక్క వేసుకో.

తమ్ముడు: ఒక్క ఫొటోకి ఎనిమిది గంటలు.

అక్క: ఎనిమిది గంటలు! పైగా ఆ టేపు రికార్డర్ సరిగ్గా పనిచేసిందో లేదో అని జేపీఎల్‌లో, అంటే ఆ నౌకను నడిపిన నాసా కేంద్రంలో, అందరికీ ఒకటే టెన్షన్. కంప్యూటర్ దాన్ని ఫొటోగా మార్చేదాకా ఆగలేక, ఇంజనీర్లు కాగితం పట్టీల మీద అంకెలు ప్రింటు తీసి, వాటిని వరసగా గోడ బోర్డుకు అతికించి, పాస్టెల్ రంగు సుద్దలు తెప్పించి, ఏ అంకెల మధ్య ఏ రంగో ఒక పక్క రాసుకుని, చేత్తో రంగులు దిద్దారు. పసుపు, ఎరుపు, గోధుమ. దగ్గరగా చూస్తే ఒక్కో గడిలో అంకె కనిపిస్తూనే ఉంటుంది, 45, 47, అలా, దాని మీద సుద్ద గీతలు. నాలుగడుగులు వెనక్కి జరిగితే అంగారకుడి అంచు వంపు తిరిగి కనపడుతుంది. అక్కడికి వచ్చిన విలేకర్లు అసలు ఫొటో కన్నా ముందు చూసింది దాన్నే. ఆ బోర్డు ఇప్పటికీ జేపీఎల్‌లో ఉంది. ఆ శ్రోత "రంగు వేశారా" అని అడిగాడు కదా, మొదటి రోజు నుంచీ వేస్తూనే ఉన్నారు, మనుషులు చేతులతో కూర్చుని వేశారు, దాన్ని ఎవరూ దాచలేదు కూడా.

తమ్ముడు: కానీ ఆ ఫొటోలు చూశాక జనం నీరుగారిపోయారు కదా.

అక్క: నీరుగారిపోకేం చేస్తారు? అప్పటిదాకా అంగారకుడి మీద కాలువలున్నాయి, ఋతువుల్తో పాటు రంగు మారే మొక్కలున్నాయి అని నమ్మినవాళ్లు తక్కువమందేం కాదు. తీరా చూస్తే చందమామలాగా గుంటలు. ఆ గ్రహం చచ్చిపోయింది అని పత్రికలు రాశాయి. మారినర్ 4 చూసింది అంగారకుడి నేలలో నూటికి ఒక వంతు మాత్రమే, అదీ గుంటలెక్కువగా ఉన్న చోట. 1971లో మారినర్ 9 వెళ్లి చుట్టూ తిరిగితే అగ్నిపర్వతాలూ, ఎండిపోయిన నదుల ఆనవాళ్లూ బయటపడ్డాయి. నూటికి ఒక వంతు చూసి చావు కబురు రాసేశారు. ఇక్కడ తొందరపడింది మామూలు జనం మాత్రమే కాదు, నిపుణులూ పత్రికలూ కూడా.

తమ్ముడు: వైకింగ్ దగ్గర తొందర ఇంకోలా జరిగింది. 1976 జూలై 20న వైకింగ్ 1 అంగారకుడి మీద దిగింది, మర్నాడు తొలి కలర్ ఫొటో వచ్చింది, అందులో ఆకాశం నీలంగా ఉంది. చూసినవాళ్లందరికీ హాయిగా అనిపించింది, మన ఆకాశంలాగే ఉంది కాబట్టి. తర్వాత రంగు సరిచూసి, నీలం కాదు, గాలిలో ధూళి వల్ల గులాబీ-గోధుమ రంగులో ఉంది అని శాస్త్రవేత్త జేమ్స్ పొలాక్ చెప్తే, గదిలో ఉన్న విలేకర్లు హో అని అరిచి అసంతృప్తి చూపించారు!

అక్క: ఆకాశం రంగు మారిందని అరిచారు. నాకు ఆ గదిలో ఉన్నవాళ్ల మీద ఎంత ప్రేమ కలుగుతుందో చెప్పలేను. మన ఇల్లు లాంటిది ఇంకోటి దొరికింది అనుకుని, ఒక్క పూటలో దాన్ని పోగొట్టుకున్నారు. అసలు ఎందుకు తప్పు వచ్చిందంటే, ఈ కెమెరాలు మన ఫోన్ కెమెరాల్లా తీయవు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేర్వేరుగా కొలిచి పంపుతాయి, ఏది ఎంత కలపాలో ఇక్కడ కూర్చున్నవాళ్లు తేల్చాలి. తొందరలో కలిపితే, కలిపేవాళ్ల కళ్లకు అలవాటైన ఆకాశమే వస్తుంది. అందుకే ల్యాండర్ మీద రంగుల చార్టులు పెట్టి పంపుతారు, భూమి మీద ఆ చార్టు ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి దాన్ని బట్టి సరిచేసుకోవచ్చు.

తమ్ముడు: "ఇంత డబ్బు పెట్టి బ్లాక్ అండ్ వైట్ ఫొటోలా" అని ప్రతిసారీ అడిగేవాళ్లకు కూడా జవాబు అదే కదా. సెన్సర్ వెలుగును మాత్రమే కొలుస్తుంది, ముందు ఫిల్టర్ మార్చి మార్చి తీస్తారు. దారి చూసుకోవడానికి పెట్టిన కెమెరా అయితే రంగు అవసరమే లేదు.

అక్క: అంతే. ఇక ముఖం సంగతి చెప్పకపోతే శ్రోతలు ఊరుకోరు.

తమ్ముడు: అదే వేసవి, 1976 జూలై 25. పైన కక్ష్యలో ఉన్న వైకింగ్ 1 ఆర్బిటర్ సైడోనియా అనే చోట ఒక గుట్టను తీసింది. సూర్యుడు పక్కకి వాలి ఉన్నాడు, నీడలు పొడవుగా పడ్డాయి, అచ్చం మనిషి ముఖం. విడుదల చేసిన నాసానే ఇది తలలా కనిపిస్తోంది అని రాసింది, నీడల వల్ల అని కూడా రాసింది.

అక్క: అందులో నాకు ఆశ్చర్యంగా అనిపించేది ఒక చిన్న విషయం. ఆ ఫొటో మీద నల్ల చుక్కలు చల్లినట్టు ఉంటాయి. అవి రాళ్లు కావు, దారిలో డేటా పోయిన చోట్లు. ఆ చుక్కల్లో కొన్ని సరిగ్గా ముక్కు రంధ్రం, ఒక కన్ను ఉండాల్సిన చోట పడ్డాయి. ముఖాన్ని పూర్తి చేసింది రాయి కాదు, అందకుండా పోయిన అంకెలు! 1998లో, తర్వాత 2001లో మార్స్ గ్లోబల్ సర్వేయర్ ఇంకా దగ్గరగా తీస్తే మామూలు గుట్టే. అయినా చందమామలో కుందేల్ని చూస్తూ పెరిగినవాళ్లం, గుట్టలో ముఖం చూసినవాళ్లని తప్పుపట్టడం నాకు చేతకాదు.

తమ్ముడు: కుందేలంటే గుర్తొచ్చింది. 2021 డిసెంబరులో చైనా రోవర్ యూటూ-2కి చంద్రుడి అవతలి వైపు, దూరంగా చతురస్రంగా ఏదో కనపడింది, అందరూ గుడిసె అన్నారు. నెల రోజులకి దగ్గరికెళ్లి చూస్తే చిన్న రాయి, అదీ కుందేలు ఆకారంలో. తర్వాత 2022 మే నెలలో, అంగారకుడి మీది క్యూరియాసిటీ రోవర్ ఫొటోలో తలుపు...

అక్క: ముప్పై సెంటీమీటర్ల ఎత్తు తలుపు! రాతిలో పగులు. పక్కన కొలబద్ద లేకపోతే ఏ పగులైనా తలుపే. ఫొటోతో పాటు సైజు కూడా వేసి ఉంటే అంత దూరం వెళ్లేది కాదు. నేను కోరేది అంతే.

తమ్ముడు: మరి ఇంకో రకం స్పందన ఉంది కదా, జనమే పని చేసి పెట్టిన రకం.

అక్క: దాని గురించి మాట్లాడమంటే ఎంతసేపైనా మాట్లాడతాను. 2005 జనవరి 14న హైగెన్స్ ప్రోబ్ శని ఉపగ్రహం టైటాన్ మీద దిగింది. ఒక రేడియో ఛానల్ పనిచేయక సగం ఫొటోలు పోయాయి. మిగిలినవాటిని ఏ మెరుగూ దిద్దకుండా ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఎక్కడెక్కడి ఔత్సాహికులో ఆ రాత్రి నిద్ర మానేసి, ముక్కలన్నీ అతికి, టైటాన్ కొండలూ కాలువలూ కలిపి పెద్ద చిత్రాలు తయారుచేశారు, అధికారికంగా రాకముందే. గురుడి దగ్గర ఉన్న జూనో అయితే ఇంకా నయం, అందులో జూనోక్యామ్ అనే కెమెరాను పెట్టిందే ముఖ్యంగా జనం కోసం. నౌక గిరగిరా తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఫొటో పట్టీలు పట్టీలుగా వస్తుంది, వాటిని తిన్నగా అతకడం పెద్ద పని. ముడి డేటా అందరికీ ఇచ్చేశారు. మనం చూసి అబ్బురపడే ఆ గురుడి సుడిగుండాల ఫొటోల్లో చాలావరకు ఇలా ఔత్సాహికులు ఇంట్లో కూర్చుని తయారుచేసినవే, ఎవరు చేశారో వాళ్ల పేరు కూడా వేస్తారు.

తమ్ముడు: అలాంటివాళ్లు "ఇది ఫేక్" అని ఎప్పుడూ అనరు.

అక్క: అనరు, ఎందుకంటే ఎక్కడ ఎంత రంగు కలిపారో వాళ్ల చేతికి తెలుసు. ఆ మారినర్ ఇంజనీర్ల లాగే.

తమ్ముడు: ప్లూటో రోజు నాకు బాగా గుర్తుంది అక్కా. 2015 జూలై 14. తొమ్మిదిన్నరేళ్లు ప్రయాణం చేసి వెళ్లిన న్యూ హొరైజన్స్ పంపిన ఫొటోలో అంత పెద్ద గుండె ఆకారం. అడ్డంగా 1,600 కిలోమీటర్లు. గ్రహాల జాబితా నుంచి తీసేశారని ప్లూటో మీద జాలిపడ్డవాళ్లంతా ఆ రోజు సంబరం చేసుకున్నారు. అది నత్రజని మంచు అని తెలిశాక కూడా ఎవరి సంబరమూ తగ్గలేదు.

అక్క: తగ్గాల్సిన అవసరం లేదు. గుండె అనుకున్నవాళ్లు ఎవరూ అక్కడ నిజంగా గుండె ఉందని నమ్మలేదు కదా. నమ్మడం వేరు, మురిసిపోవడం వేరు. నాకు ఈ తేడా ఇంకా బాగా తెలిసింది అంగారకుడి మీద తిరిగిన ఆపర్చునిటీ రోవర్ దగ్గర.

తమ్ముడు: ఆ చివరి మెసేజ్. "నా బ్యాటరీ అయిపోతోంది, చీకటి పడుతోంది."

అక్క: రోవర్ ఆ మాట అనలేదు. చివరగా వచ్చిన డేటాకి అర్థం అదీ అని ఒక విలేకరి తన మాటల్లో రాస్తే, రోవరే అన్నట్టు ప్రపంచమంతా తిరిగింది. అది చదివి ఏడ్చినవాళ్లని నేను తప్పుపట్టను, నేనూ ఏడ్చాను. కానీ అసలు వచ్చినదేమిటో తెలిశాక ఇంకా ఎక్కువ బాధ కలిగింది. 2018 జూన్ 10. గ్రహమంతా కమ్మేసిన ధూళి తుపాను. సోలార్ పలకల నుంచి వస్తున్న కరెంటు ఇరవై రెండు వాట్-అవర్లకు పడిపోయింది. గాలి ఎంత మసకగా ఉందో చెప్పే అంకె 10.8, అంత ఎక్కువ అక్కడ అంతకుముందెప్పుడూ కొలవలేదు. సూర్యుడు ఎంత కనిపిస్తున్నాడో చూద్దామని కెమెరా పైకి తిప్పి తీసిన ఫొటో ఒకటి. తొంభై రోజులకని పంపిన రోవర్ పద్నాలుగేళ్లు నడిచి, నలభై ఐదు కిలోమీటర్లు దాటి తీసిన ఆఖరి ఫొటో.

తమ్ముడు: నేను దాన్ని మొదటిసారి చూసినప్పుడు ఫైలు పాడైందనుకున్నాను. బూడిద రంగు, తెల్ల తెల్ల చుక్కలు.

అక్క: చుక్కలు నక్షత్రాలు అనుకున్నవాళ్లూ ఉన్నారు. అవి కెమెరా నాయిస్, వెలుగు అంత తక్కువ ఉంది కాబట్టి. కింద ఒక పట్టీ పూర్తిగా నలుపు, అది ఆకాశం కాదు, నేలా కాదు. ఫొటోలో ఆ భాగం చేరలేదు, పంపుతుండగానే ఆగిపోయింది. తర్వాత ఎనిమిది నెలలు, వెయ్యికి పైగా కమాండ్లు పంపుతూ పిలిచారు. పలకలేదు.

తమ్ముడు: ఈ ఎపిసోడ్ కవర్‌కి ఆ ఫొటోనే పెడతాను.

అక్క: పెట్టు. కాంట్రాస్ట్ మాత్రం ముట్టుకోకు. తేదీ వెయ్యి, తెల్ల చుక్కలు ఏమిటో రాయి, నలుపు ఎందుకో రాయి. వేరే లైనులో కాదు, ఫొటో మీదే, మూలకి రాయి. ఎవరు సేవ్ చేసుకున్నా దానితో పాటే వెళ్తుంది.

తమ్ముడు: నెప్ట్యూన్ ఫొటో?

అక్క: దాన్ని కూడా మార్చు. లేత రంగుది, ముదురుది, రెండూ పక్కపక్కన పెట్టి ఆయనకు మళ్లీ పంపు. మొదటి జవాబు తప్పని కూడా చెప్పు.

తమ్ముడు: ఇప్పుడే పంపుతున్నాను.