"పోయింది" అంటే సరిపోదు

శ్రోతలకు నమస్కారం.

నేను అనంతపురం కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. ఒక రోజు పొద్దున్నే శింగనమల వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఆయనది. కూర్చోమన్నా కూర్చోలేదు. "బోరు కాడ వైరు పాయె సార్" అన్నాడు. చేతిలో అడుగు పొడవు కేబులు ముక్క ఉంది. దొంగలు కోసుకుని పోగా మిగిలిన కొస అది. కోసిన చోట రాగి తీగలు కొత్తగా మెరుస్తున్నాయి. తోట కింద వంకలో నల్లటి మసి ఉందనీ, కాలిన రబ్బరు వాసన ఇంకా పోలేదనీ చెప్పాడు. పైతొడుగు అక్కడే కాల్చేసి రాగి మాత్రం ఎత్తుకెళ్లారు. ఎండాకాలంలో మోటారు వారం ఆగితే చీనీ చెట్టు ఏమవుతుందో మన జిల్లా వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఆయన రాసుకొచ్చిన అర్జీలో ఒకటే మాట: "నా మోటారు వైరు పోయినది, వెతికించి ఇప్పించగలరు."

పర్సు జారిపడినా పోయింది అంటాం, జేబు కత్తిరించినా పోయింది అనే అంటాం. చట్టానికి ఈ రెండూ ఒకటి కావు. రోడ్డు మీద జారిపడిన ఉంగరం ఎవరి స్వాధీనంలోనూ లేదు. దాన్ని తీసుకోవడం దొంగతనం కిందికి రాదు. సొంతదారు ఎవరో తెలిసి కూడా, లేదా తెలుసుకునే ప్రయత్నమే చేయకుండా సొంతానికి వాడుకుంటే అది వేరే నేరం, దానికి వేరే సెక్షన్. అందుకే అర్జీలో "పోయింది" అని రాయగానే కేసు దారి మారిపోయే ప్రమాదం ఉంది.

దొంగతనం అంటే ఏమిటో భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ చెబుతుంది. 2024 జూలై 1 నుంచి ఇది అమల్లో ఉంది. అంతకుముందు 1860 నాటి శిక్షాస్మృతిలో 378, 379 సెక్షన్లు ఉండేవి. ఇప్పటికీ చాలామంది నోట "త్రీ సెవెంటీ నైన్ కేసు" అనే వస్తుంది. నంబరు మారినా నిర్వచనం దాదాపు అదే: ఒకరి స్వాధీనంలో ఉన్న చరాస్తిని, అంటే కదిలించగల వస్తువును, వారి సమ్మతి లేకుండా, అక్రమంగా తీసుకోవాలన్న ఉద్దేశంతో కదిలించడం.

ఇందులో "కదిలించడం" అన్న మాట గట్టిగా పట్టుకోండి. ఎత్తుకెళ్లి అమ్ముకుంటేనే దొంగతనం అనుకుంటాం. కాదు. చెట్టు నేలలో పాతుకుని ఉన్నంతసేపు అది చరాస్తి కాదు. కాజేయాలని నరికి, నేల నుంచి వేరు చేసిన క్షణమే దొంగతనం పూర్తయిపోతుంది. కడప జిల్లా లంకమల అడవిలో ఎర్రచందనం దుంగ లారీ ఎక్కాల్సిన పని లేదు. దానికి అటవీ చట్టాలు అదనంగా ఉన్నాయనుకోండి. మన చేలో శెనక్కాయ చెట్టు పీకినా, చీనీ కాయ తెంపినా ఇదే లెక్క. గట్టు దాటకముందే దొరికిపోయినవాడు "ఇంకా తీసుకుపోలేదు కదా" అంటే చెల్లదు.

రెండోది స్వాధీనం. మన దగ్గర కౌలు రైతులు ఈ మాట తెలియక చాలా నష్టపోతున్నారు. "పట్టా నా పేరు మీద లేదు, బోరు ఆసామిది, నేనెట్ల కేసు పెడతా" అని వెనక్కి తగ్గుతారు. సొంతదారు ఎవరని కాదు, ఎవరి స్వాధీనంలోంచి తీశారు అనేదే ప్రశ్న. తోట చూసుకునేది మీరైతే ఫిర్యాదు మీరే ఇవ్వొచ్చు. దీనికి మరో వైపు కూడా ఉంది. సొంత వస్తువును తీసుకున్నా దొంగతనం కావచ్చు. బండి రిపేరుకిచ్చి, మెకానిక్ డబ్బు కట్టాకే ఇస్తానని ఆపుకుంటే, రాత్రి వెళ్లి బిల్లు ఎగ్గొట్టాలని తోలుకొచ్చేస్తే అది దొంగతనమే. ఇలాంటి ఉదాహరణ గడియారం పేరుతో చట్టంలోనే ఉంది.

"రేపు పెట్టేద్దామనుకున్నా సార్" అనే మాట కోర్టులో చాలాసార్లు విన్నాను. రాజస్థాన్‌లో ఒక ఉద్యోగి ఆఫీసు ఫైలు బయటికి తెప్పించి, ఒకటి రెండు రోజుల్లో తిరిగి చేర్పించాడు. అదీ దొంగతనమేనని 1962లో సుప్రీంకోర్టు తేల్చింది. కాసేపే అయినా ఒకరికి అక్రమంగా నష్టం కలిగితే చాలు.

ఉద్దేశం లేకపోతే మాత్రం నేరం లేదు. సాయంత్రం మందలు కలిసిపోయి, తనదేననుకుని ఒకాయన పక్కవాళ్ల పొట్టేలును తోలుకుపోయాడు. నిజంగా తనదేనని నమ్మితే అతను దొంగ కాదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, వస్తువు కనబడకపోతే ముందుగా కూలికొచ్చినవాడి మీద చెయ్యి పడుతుంది. స్తంభానికి కట్టేసి కొట్టడం నేరం. పోలీసులకు అనుమానం చెప్పండి, ఆ అనుమానం ఎందుకో కూడా చెప్పండి. తెలియనిది తెలిసినట్టు మాత్రం రాయకండి. అతనికీ ఇల్లుంది, పిల్లలున్నారు.

నమ్మి చేతికిచ్చిన నగలు తిరిగివ్వకపోతే అది దొంగతనం కాదు, నమ్మకద్రోహం. మెడలో గొలుసు లాక్కుపోతే స్నాచింగ్, దానికి కొత్తగా 304వ సెక్షన్ వచ్చింది. కరెంటు చౌర్యానికి 2003 విద్యుత్ చట్టం ఉంది.

మామూలు దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇంట్లోగానీ, సామాను భద్రపరిచే కట్టడంలోగానీ, బస్సులోగానీ చేస్తే ఏడేళ్ల దాకా పడుతుంది. 5,000 రూపాయల లోపు వస్తువై, మొదటిసారి శిక్ష పడినవాడు దాన్ని లేదా విలువను తిరిగిస్తే సమాజ సేవ శిక్షగా ఉంటుంది. ఇది మంచి మార్పేనని నా అభిప్రాయం. ఆకలికి చెయ్యి చాచిన కుర్రవాణ్ణి జైల్లో పెద్ద దొంగల మధ్య పడేయడం వల్ల ఎవరికీ లాభం లేదు. అయితే ఒక చిక్కుంది. విలువ 5,000 లోపు ఉంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. కాబట్టి విలువ ఉన్నదున్నట్టు లెక్కగట్టి రాయాలి. బిల్లుంటే జత చేయాలి. వైరుతో పాటు స్టార్టరు, ఫ్యూజులు తీసుకెళ్లి ఉంటే అవీ చేర్చాలి.

ఆ రాగి కొన్నవాడి సంగతి కూడా ఉంది. దొంగ సొమ్మని తెలిసి, లేదా అలా నమ్మడానికి తగిన కారణం ఉండి కొన్న పాత సామాన్ల వ్యాపారికి 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది. మసి వాసన వదలని రాగి చుట్టను అర్ధరాత్రి తెచ్చి సగం ధరకు ఇస్తుంటే, "నాకేం తెలుసు" అనడం అంత తేలిక కాదు.

ఆ రోజు ఆ పెద్దాయన్ను కూర్చోబెట్టి అర్జీ మళ్లీ రాయించాను. ఆయన చెప్పాడు, మా జూనియరు రాశాడు: "నా చీనీ తోటలో బోరు దగ్గర నుంచి స్టార్టరు పెట్టె దాకా ఉన్న కేబులును నిన్న రాత్రి 10 గంటల తర్వాత, తెల్లవారి 5 లోపల, నా అనుమతి లేకుండా గుర్తుతెలియని వ్యక్తులు కోసి దొంగిలించుకుపోయారు. మిగిలిన ముక్క నా దగ్గర ఉంది. వంకలో కాల్చిన గుర్తులు ఉన్నాయి." కింద వేలిముద్ర వేయబోయి ఆగి, నిదానంగా సంతకం చేశాడు. ఎఫ్‌ఐఆర్ కాపీ డబ్బేమీ కట్టకుండా ఇస్తారని, అడిగి తీసుకోమని చెప్పి పంపాను. ఆ కేబులు ముక్కను కండువా కొంగులో ముడేసుకుని స్టేషనుకు బయల్దేరాడు.