దారిలో ఆగిపోయే పాత కారు: గిన్నె మార్చకండి, పిల్లిని పట్టుకోండి

[షెడ్డు. బానెట్ ఎత్తి ఉన్న పాత కారు. మాట్లాడే మనిషి చేతిలో స్పానర్ లేదు, ఒక చిన్న నోటుబుక్కు ఉంది.]

నమస్కారమండి, విజయనగరం నుంచి. ఇవాళ కొంచెం చిరాగ్గా ఉన్నాను, ముందే చెప్పేస్తున్నా. ఒక్క వారంలో ముగ్గురు ఒకే ప్రశ్న అడిగారు. "బాబూ, కారు మధ్యలో ఆగిపోతోంది, ఫ్యూయల్ పంపు ఎంతవుతుంది?" కారు ఆగిపోతోంది. సరే. పంపు అని ఎవరు చెప్పారండీ మీకు? జ్వరం వచ్చిందని ఫోన్ చేసి ఆపరేషన్‌కి ఎంతవుతుందని అడిగినట్టుంది.

ఇదిగో, ఈ కారు మా మావయ్యది. 2003 మోడల్, పెట్రోలు, ఎంపీఎఫ్ఐ (అంటే కార్బురేటర్ బదులు, కంప్యూటర్ చెప్పినట్టు ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే రకం), ఏపీ 35 నంబరు. మొన్న వేసవిలో మొదలైంది దీని కథ. బాగానే నడుస్తుంది, నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిపోతుంది. సెల్ఫు తిరుగుతుంది, స్టార్ట్ అవదు. అరగంట ఆగి తాళం తిప్పితే, ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయిపోతుంది. షెడ్డుకి తీసుకెళ్తే అక్కడ అసలు ఆగనే ఆగదు. మావయ్య ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "ఒరే బావూ, మళ్ళీ ఆగిపోనాదిరా!"

నా దగ్గరకి వచ్చేసరికే ప్లగ్గులు మార్చేశారు, ఫిల్టర్ మార్చేశారు, కాయిల్ మార్చేశారు, ట్యాంకు దింపి పంపు కూడా మార్చేశారు. మొత్తం 11,000 రూపాయలు. కారు మాత్రం ఎప్పట్లాగే ఆగుతోంది.

ఇక్కడ మా అమ్మమ్మ వంటింటి సంగతి ఒకటి చెప్పాలి. వీడియో అంతా ఇదే వాడతాను, విసుక్కోకండి.

మా అమ్మమ్మ ఇంట్లో రాత్రి కాచి పెట్టిన పాలు తెల్లారేసరికి సగమయ్యేవి. పిల్లి అని అందరికీ అనుమానమే, కానీ ఎవరూ చూడలేదు. దీపం పట్టుకుని వెళ్తే వంటిల్లు ఖాళీ. అమ్మమ్మ ఏం చేసిందంటే మూత మార్చింది. తర్వాత మూత మీద రాయి పెట్టింది. ఆ తర్వాత స్టీలు గిన్నె తీసేసి ఇత్తడి గిన్నె పెట్టింది. పిల్లికి స్టీలైతే ఏటి, ఇత్తడైతే ఏటి? చివరికి మా తాత ఒక రాత్రి పడుకోబోయే ముందు వంటింటి గచ్చు మీద పలచగా ముగ్గుపిండి చల్లాడు. పొద్దున్న చూస్తే వెనక కిటికీ నుంచి గిన్నె దాకా, గిన్నె నుంచి కిటికీ దాకా చిన్న చిన్న పాదాలు. కిటికీకి జల్లెడ కొట్టించాడు. పాలు దక్కాయి.

మన షెడ్డుల్లో జరిగేది ఏటంటే, గిన్నెలు మార్చడం. ముగ్గుపిండి చల్లేవాడు లేడు.

[నోటుబుక్కు కెమెరాకి చూపిస్తూ]

మొదటి ముగ్గుపిండి ఇదే, పది రూపాయల నోటుబుక్కు. మావయ్యకి ఇచ్చి చెప్పాను: ఆగిన ప్రతిసారీ రాయి. ఎంతసేపు నడిచాక ఆగింది, ఎండా వానా, ట్యాంకులో పెట్రోలు ఎంత, వేగంగా వెళ్తున్నావా నిలబడి ఉన్నావా, ఎలా ఆగింది, మళ్ళీ ఎన్ని నిమిషాలకి స్టార్టయింది. మావయ్య రిటైర్డ్ మాస్టారు, బుద్ధిగా రాశాడు. చదువుతాను వినండి.

"మంగళవారం. రైల్వే గేటు. పది నిమిషాలు నిలబడ్డాక ఆగినది. ఇరవై అయిదు నిమిషాలకి స్టార్టు. టీ బాగులేదు."

"శుక్రవారం. మడపాం టోల్‌గేటు, పెద్ద క్యూ. ఆగినది. వెనక లారీ వాడు తిట్టినాడు."

"ఆదివారం. సాలూరు దాటి ఘాటు ఎక్కుతుండగా ఆగినది. తడిగుడ్డ వేసినాను. స్టార్టు." సాలూరు ఇప్పుడు మన్యం జిల్లా అయిపోయింది లెండి, మావయ్య మాత్రం ఇంకా విజయనగరం అనే అంటాడు.

"గురువారం. పొద్దున్న పాలకి వెళ్ళి వచ్చినాను. ఆగలేదు."

ఈ ఆఖరిది రాయాల్సిన పని లేదు అనుకుంటారు. నాకు అన్నిట్లోకీ అదే ముఖ్యం. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఆగట్లేదు. గేటు దగ్గర, టోల్‌గేటులో, ఘాటులో ఆగుతోంది. మూడు చోట్లా ఉన్నది ఒక్కటే, గాలి సరిగా తగలక బానెట్ కింద వేడి పేరుకుపోవడం. అంటే మన పిల్లి వేడికి వచ్చే పిల్లి. చల్లబడితే వెళ్ళిపోతుంది. షెడ్డుకి లాక్కొచ్చేసరికి చల్లారిపోయి ఉంటుంది కాబట్టే మెకానిక్కుకి కనబడదు. మీరు అబద్ధం చెప్పట్లేదు, ఆయనా అబద్ధం చెప్పట్లేదు.

ఇంకో మాట. ఇంజిన్ ఆపేశాక వేడి వెంటనే తగ్గుతుందనుకుంటారు చాలామంది. కాదు. లోపల నీళ్ళు తిరగడం ఆగిపోతుంది, గాలి ఆగిపోతుంది, ఇంజిన్‌లో ఉన్న వేడంతా పైకి తన్ని మొదటి పది పదిహేను నిమిషాలు చుట్టుపక్కల సామాన్లు ఇంకా వేడెక్కుతాయి. హోటల్ ముందు ఆపి టిఫిన్ చేసి వస్తే స్టార్టవని కార్ల కథ ఇదే. ఇడ్లీ తప్పేమీ లేదు.

రెండో ముగ్గుపిండి: ఎలా చచ్చింది? "ఆగిపోయింది" అంటే సరిపోదు. తాళం తీసేసినట్టు టక్కున ఆగిందా? అయితే కరెంటు వైపు చూడాలి: సెన్సర్, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి), తాళం స్విచ్, వైరింగ్. జర్కులిచ్చి, పికప్ పోయి, దగ్గుతూ దగ్గుతూ ఆగిందా? పెట్రోలు వైపు చూడాలి. వేగంలో బాగుండి, బ్రేకేసి న్యూట్రల్ చేసినప్పుడే ఆగుతోందా? ఐడ్లింగ్ సంగతి. నూటికి నూరుపాళ్ళు ఇంతే అనను గానీ, సగం దారి ఇక్కడే తేలిపోతుంది. మావయ్యని అడిగితే, "ఎవరో స్విచ్చి కట్టేసినట్టు" అన్నాడు. చూశారా? ఆ ఒక్క మాట విని ఉంటే పంపు జోలికి ఎవడూ వెళ్ళేవాడు కాదు.

అన్నట్టు, రోడ్డు మీద నడుస్తూ ఆగితే ముందు ప్రాణం సంగతి చూసుకోండి. పవర్ స్టీరింగు ఉంటే బిగుసుకుపోతుంది. బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకే సరిపోతుంది. అందుకని పెడల్‌ని పదే పదే తొక్కకుండా, ఒక్కసారి తొక్కి గట్టిగా పట్టి ఉంచండి. బండి పూర్తిగా ఆగేదాకా తాళం లాక్ దాకా తిప్పొద్దు, స్టీరింగు పట్టేస్తుంది. పక్కకి తీశాక అప్పుడు చూద్దురు గాని పిల్లి సంగతి.

[డ్యాష్‌బోర్డు దగ్గరగా]

ఆగిన వెంటనే అందరూ చేసే తప్పు, మళ్ళీ సెల్ఫు కొట్టడం. కొట్టకండి! పిల్లి ఇంకా వంటింట్లోనే ఉంది. చూడవలసింది ఇప్పుడే.

తాళం ఆన్‌లో పెట్టి డ్యాష్‌బోర్డు చూడండి. దీపాలేవీ లేకపోతే బ్యాటరీ టెర్మినల్, మెయిన్ ఫ్యూజు, తాళం స్విచ్. మిగతావి వెలిగి ఇంజిన్ బొమ్మ దీపం ఒక్కటే వెలగకపోతే, బల్బు మాడలేదని తెలిస్తే, కంప్యూటర్‌కి కరెంటు అందట్లేదు. మెయిన్ రిలే, దాని ఫ్యూజు చూడాలి. అన్నీ వెలిగాయా? అప్పుడు చెవి పెట్టండి. తాళం ఆన్ చెయ్యగానే వెనక సీటు కింద నుంచి "జుయ్" మని రెండు సెకన్లు చప్పుడు రావాలి. అది పంపు. మావయ్య కారులో ఆగిన ప్రతిసారీ ఆ "జుయ్" వస్తూనే ఉంది.

మరి పంపు ఎందుకు మార్చారు? ఈ వీడియో చేస్తున్నదే ఇది చెప్పడానికి.

క్రాంక్ సెన్సర్ అని ఒకటుంటుంది. [చేతిలో చూపిస్తూ] ఇదే. బొటనవేలంత ఉంది. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకలాంటి రాగి తీగ. ఎదురుగా పళ్ళ చక్రం తిరుగుతుంది. చాలా కార్లలో 60 పళ్ళకి రెండు తీసేసి 58 ఉంచుతారు, ఆ ఖాళీని బట్టి ఇంజిన్ ఎక్కడుందో కంప్యూటర్ లెక్క కట్టుకుంటుంది. ఈ సెన్సర్ సిగ్నల్ పోయిందనుకోండి, ఇంజిన్ ఆగిపోయిందని కంప్యూటర్ అనుకుంటుంది. వెంటనే స్పార్కు కట్ చేస్తుంది, ఇంజెక్టర్లు ఆపేస్తుంది, పంపు కూడా ఆపేస్తుంది. యాక్సిడెంటైన కారులో పంపు పెట్రోలు పోస్తూ ఉండకూడదని పెట్టిన కట్టుబాటు అది, మంచిదే.

ఇప్పుడు మెకానిక్ వచ్చి సెల్ఫు కొడుతూ చూశాడు. ఇంజెక్టర్ దగ్గర పెట్రోలు లేదు. "పంపు పోయింది!" ఇంకొకాయన వచ్చి ప్లగ్గు విప్పి చూశాడు. స్పార్కు లేదు. "కాయిల్ పోయింది!" ఇద్దరు చూసిందీ నిజమే. పిల్లి ఒకటే, ఖాళీ గిన్నెలు రెండు. రెండు గిన్నెలూ మార్చారు.

అందుకే నేను ఒకటే చెప్తాను. పెట్రోలు, స్పార్కు రెండూ ఒకేసారి లేకపోతే, ఆ రెంటికీ పైనున్నదేదో చూడండి. పంపూ కాయిలూ కూడబలుక్కుని ఒకే రైల్వే గేటు దగ్గర ఒకే నిమిషంలో చచ్చిపోవు కదండీ.

తడిగుడ్డ సంగతి కూడా చెప్పాలి. మావయ్య తడిగుడ్డ వేస్తే స్టార్టయింది, దాంతో "వేపర్ లాక్" అని తీర్మానించేశాడు. కార్బురేటర్ కార్లకి అది నిజమైన జబ్బే. పంపు ఇంజిన్ పక్కనే ఉండేది, పెట్రోలు వేడికి ఆవిరైపోయేది. కానీ ఎంపీఎఫ్ఐలో పంపు ట్యాంకులో ఉంటుంది, పైపులో ప్రెషర్ సుమారు 3 బార్ ఉంటుంది, అంత తేలిగ్గా ఆవిరి పట్టదు. మరి తడిగుడ్డ ఎలా పనిచేసింది? ఆ గుడ్డ నీళ్ళు కారి పడింది ఈ సెన్సర్ మీదే. మందు ఒకటి, తగిలింది ఇంకో చోట.

[బల్ల మీద మల్టీమీటర్, హెయిర్ డ్రయ్యర్]

రుజువు చూద్దాం. మీటరు ఓమ్స్‌లో పెట్టాను. రెండు వైర్ల సెన్సర్ కాబట్టి కొలవొచ్చు. మూడు వైర్లుంటే అది మామూలుగా హాల్ సెన్సర్ అనే వేరే రకం, దానికి ఓమ్స్ కొలిచి లాభం లేదు. చల్లగా ఉంది: 900 చిల్లర. కారుని బట్టి ఈ అంకె మారుతుంది, నా అంకె పట్టుకుని మీ సెన్సర్ పారెయ్యకండి. ఇప్పుడు మా ఆవిడ డ్రయ్యర్‌తో వేడి చేస్తున్నా. ఒక నిమిషం... అంకె మెల్లగా పెరుగుతోంది, రాగి తీగకి అది సహజమే. రెండు నిమిషాలు... మూడు...

[నిశ్శబ్దం. మీటరు మీద కెమెరా.]

అదిగో! ఎగిరిపోయింది. ఓఎల్. అంటే లోపల తీగ తెగింది. డ్రయ్యర్ ఆపి వదిలేద్దాం... నాలుగు నిమిషాలు కట్ చేశాను, చూడండి, మళ్ళీ 900 చిల్లర. వేడికి వ్యాకోచించి తెగిన చోట విడిపోతుంది, చల్లారితే మళ్ళీ అతుక్కుంటుంది. ఇదిగోనండి, ముగ్గుపిండిలో పాదాలు.

కొత్తది వేసి నాలుగు నెలలైంది. పంపు ధరలో పావు వంతు కూడా కాలేదు.

అబ్బ, కరెంటు పోయేలా ఉంది, ఫ్యాను నెమ్మదించింది. మిగతావి గబగబా చెప్పేస్తాను.

మెయిన్ రిలే: లోపల టంకం చీలి ఇదే వేషాలు వేస్తుంది. ఆగినప్పుడు వేలితో తట్టండి, స్టార్టయితే దొరికినట్టే. కొన్ని కార్లలో హారన్ రిలే, అదీ ఒకటే రకం. నంబర్లు సరిచూసుకుని మార్చి పెట్టి చూడొచ్చు.

తాళం స్విచ్: పైడితల్లి అమ్మవారి బొమ్మ, అరసవల్లి సూర్యుడి బొమ్మ, బీరువా తాళం, మోటారు షెడ్డు తాళం, అన్నీ ఒకే గుత్తికి వేలాడేస్తారు. అరిగిన స్విచ్ ఆ బరువుకి గతుకులో జారుతుంది. నవ్వకండి. అమెరికాలో జనరల్ మోటార్స్ 2014లో ఈ స్విచ్ జారే లోపానికే దాదాపు 26 లక్షల చిన్న కార్లని వెనక్కి పిలిచింది. 124 మరణాలకి పరిహారం ఇచ్చారు. అమ్మవారి బొమ్మ డ్యాష్‌బోర్డు మీద పెట్టండి, గుత్తికి ఒక్క తాళం చాలు.

సిగ్నల్ దగ్గరే ఆగుతుంటే ఇంజిన్లోకి గాలి వెళ్ళే థ్రాటిల్ బాడీలో మసి, ఐడిల్ వాల్వు, చిరిగిన వాక్యూమ్ పైపు. అరగంట నడిచాక పికప్ పోయి ఆగుతుంటే ట్యాంకు మూత తెరవండి; "హుస్" మని గాలి గట్టిగా లోపలికి పీలిస్తే ట్యాంకులోకి గాలి వెళ్ళే వెంట్ మూసుకుపోయింది. వానలో మాత్రమే ఆగితే ప్లగ్ వైర్లు. గతుకుల్లో మాత్రమే ఆగితే ఎర్త్ వైరు, కనెక్టర్లు. ఐడ్లింగ్‌లో ఉంచి ఒక్కో వైరు కదిపి చూడండి, ఫ్యానుకి చెయ్యి దూరంగా.

ఫోనుకి కలిపే స్కానర్ కొనమంటారా? మనకి ఓబీడీ, అంటే కారు తన లోపాలు తనే కనిపెట్టి చెప్పే ఏర్పాటు, 2010 ఏప్రిల్లో బీఎస్-4 పొగ నిబంధనలతో మొదటి దశ, 2013 ఏప్రిల్లో రెండో దశ తప్పనిసరైంది. అంతకు ముందు కార్లతో ఆ చవక డబ్బాలు మాట్లాడొచ్చు, మాట్లాడకపోవచ్చు. మాట్లాడితే మాత్రం సెల్ఫు కొడుతూ ఆర్‌పీఎమ్ (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) చూడండి. ఇంజిన్ తిరుగుతున్నా అక్కడ సున్నా ఉంటే, ఇక నేను చెప్పక్కర్లేదు.

[బల్ల కింద నుంచి కాగితంలో చుట్టిన వస్తువు తీస్తూ]

ఒక్క నిమిషం, వెళ్ళిపోకండి. ఇది మావయ్య కారులోంచి "పోయింది" అని తీసేసిన పాత పంపు. పాత సామాన్ల వాడికి వేస్తుంటే నేనే తెచ్చుకున్నాను. మూడు నెలలు డాబా మీద ఎండలో ఆరింది, పెట్రోలు వాసన కూడా లేదు. అయినా ఇది మీరు ఇంట్లో చెయ్యొద్దు. ఆరుబయటకి వచ్చాను. ఎరుపు వైరు ఇటు, నలుపు అటు. 12 వోల్టులు, ఒక్క సెకను ఇస్తున్నాను, వినండి.

[జుయ్]