పెళ్లి కార్డు లినక్స్‌లో ఎందుకు కొట్టరు?

[కెమెరా ముందు]

మాదాపూర్‌లో ఏ టెక్ మీటప్‌కి పోయినా, టీ దగ్గర ఒకాయన ఈ మాట తప్పకుండా అంటడు: "ఓపెన్ సోర్స్ ఫ్రీ కదా భయ్యా, అయినా మనోళ్లు వాడరు. అవేర్‌నెస్ లేదు."

వింటే నాకు చిర్రెత్తుకొస్తది. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ తెరిచి పెట్టిన సాఫ్ట్‌వేర్; లినక్స్ అట్లాంటిదే, విండోస్ జాగల వాడుకునే సిస్టం. ఆయన జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేదే లినక్స్ కెర్నల్ మీద, అంటే దాని గుండెకాయ మీద. అమీర్‌పేటలో ఏ గల్లీల తిరిగినా లినక్స్, పైథాన్, డెవాప్స్ బోర్డులే. తెలుగులో లినక్స్ తయారుచేసిన స్వేచ్ఛ సంస్థ ఉన్నది ఈ ఊర్లనే. ఇంత పెట్టుకుని అవేర్‌నెస్ లేదంటే ఎట్ల? ఓపెన్ సోర్స్ ఆగిపోయిన జాగ వేరే ఉంది. షాపు టేబుల్ మీద కంప్యూటర్ దగ్గర.

ఆడికే పోదాం. ఛత్తా బజార్.

[స్క్రీన్ మీద: పెళ్లి కార్డుల షాపులు]

కార్డు కొట్టించడానికి పోయిన్రు అనుకోండి. అయ్యగారు రాసిచ్చిన ముహూర్తం కాగితం ఇస్తరు. ఆపరేటర్ అన్న కొత్త పేజీ తెరవడు, పాత ఫోల్డర్ తెరుస్తడు. మీ అక్క పెళ్లి కార్డు ఆడనే కొట్టించి ఉంటే అదే ఫైలు తీసి, పేర్లు మార్చి, ముహూర్తం మార్చి, "ప్రూఫ్ చూస్కోండి సార్" అంటడు. అంతే పని. ఏండ్ల తరబడి పోగైన ఆ ఫోల్డరే ఆ షాపు ఆస్తి. మెషీన్ పోతే ఇంకోటి కొంటడు, ఫోల్డర్ పోతే గల్లా మూసుకోవాలె.

ఆ ఫోల్డర్‌లో ఏముంటయి? తెలుగు కార్డులు పేజ్‌మేకర్‌లో, అంటే పేజీలు కట్టే అడోబీ సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాత తెలుగు ఫాంట్లతో. ఉర్దూ కార్డులు ఇన్‌పేజ్ అనే ఉర్దూ సాఫ్ట్‌వేర్‌లో, అది 1994 నాటిది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. 2004లో అడోబీ దాని పని ఆపేసింది. మనం మాత్రం ఆపలే.

సరే, ఇప్పుడు ఆ "ఫ్రీ" సంగతి. ఈ అన్న పేజ్‌మేకర్‌కి ఎంత కట్టిండు? చాలా షాపులల్ల, ఏం కట్టలే. సిస్టం స్లో అయితే తెలిసిన హార్డ్‌వేర్ పిల్లగాడు వస్తడు, కొద్ది వందలు తీసుకుని ఫార్మాట్ కొడతడు, విండోస్, ఆఫీస్, ఫోటోషాప్, పేజ్‌మేకర్, అన్నీ ఒకే పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించి పోతడు. లినక్స్ కూడా ఫ్రీ, ఇదీ ఫ్రీ. అమెరికాలో, యూరప్‌లో ఓపెన్ సోర్స్‌కి ఉన్న పెద్ద ఆయుధం ధర. మన దగ్గర ఆ ఆయుధానికి పదునే లేదు. దీన్ని బిల్ గేట్స్ 1998లోనే చైనా గురించి మాట్లాడుతూ చెప్పిండు: ఎట్లాగూ దొంగిలిస్తరు, దొంగిలిస్తే మాదే దొంగిలించనీ, అలవాటు పడతరు, తర్వాత ఎప్పుడో వసూలు చేసుకునే దారి చూస్తం అని. తెలివైనోడే, ఒప్పుకోవాలె.

ఇంక అసలు ముడి ఫాంటు దగ్గర ఉంది. ఇది కొంచెం ఓపిగ్గా వినండి, నాకు ఇష్టమైన భాగం.

యూనికోడ్ అంటే ఏ భాష అక్షరానికైనా దాని సొంత నంబర్ ఇచ్చే పద్ధతి. పేజ్‌మేకర్‌కి అది తెల్వదు. అందుకే ఈ పాత ఫాంట్లు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన గడులల్ల తెలుగు ముక్కలు కూర్చోబెడతయి. ఒక గడిలో తలకట్టు, ఇంకో గడిలో గుడి, ఇంకోదాంట్ల ఒత్తు. అంటే మీరు కార్డు మీద చూసే "లక్ష్మి" కంప్యూటర్ లెక్కలో తెలుగే కాదు, ఏవో ఇంగ్లీషు గుర్తుల వరస. ఫాంటు ఉన్నంతసేపు లక్ష్మి. ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే డాలర్లు, బ్రాకెట్లు, నెత్తిన చుక్కలున్న అక్షరాలు.

[స్క్రీన్ మీద: అదే ఫైలు, ఫాంటు ఉన్నప్పుడు, లేనప్పుడు]

యూనికోడ్ అట్ల కాదు. "క్ష్మి" అని కొడితే క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి వరసగా దాచుకుంటది. వాటిని కలిపి మనం చదివే రూపం ఇచ్చేది షేపింగ్ ఇంజన్ అని వేరే ఉంటది. ఆ ఇంజన్ లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కకు పడతయి. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచి ఉంది. కానీ పేజీలు కట్టే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ స్క్రైబస్‌కి ఈ కలపడం వచ్చింది 2017లో, అదీ ప్రయోగాల వెర్షన్‌లో. స్టేబుల్ వెర్షన్ 1.6 రావడానికి 2024 జనవరి అయింది.

ఇప్పుడు చెప్పండి. 2015లో మన అన్నకి ఫుల్ అవేర్‌నెస్ ఉండి, స్క్రైబస్ వేసుకుని కూర్చుంటే ఏమయ్యేది? లక్ష్మి ముక్కలయ్యేది. పెళ్లికూతురి పేరు తప్పు పడ్డ ఐదువందల కార్డులు ఎవరి ఖాతాల రాయాలె? మీటప్ అన్న కడతడా?

కార్డు ఆడితో ఆగదు కదా, ప్రింటింగ్ ప్లేటు చేసే ఆయన కాడికి పోవాలె. ఆయన పీడీఎఫ్‌తో ఊరుకోడు, "ఓపెన్ ఫైలే పంపన్నా, కరెక్షన్ వస్తే మేమే చేస్కుంటం" అంటడు. అంటే ఆయన దగ్గర కూడా అదే పేజ్‌మేకర్, అదే ఫాంటు ఉండాలె. ఒక్క షాపు మారితే సరిపోదు, గల్లీ గల్లీ ఒకేసారి మారాలె. పైగా ఆ అన్న వేళ్లకి అలవాటైన కీబోర్డు వేరు, కొత్త సిస్టంలో మొదట వచ్చే ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు వరస వేరు. స్పీడు సగానికి పడిపోతే సీజన్ల ఎవడు ఊకుంటడు?

టైం చూస్తే ఎక్కువ లేదు, మిగిలినయి గబగబా చెప్త.

ప్రింటర్లు. మన జిరాక్స్ షాపులల్ల ఒక చిన్న లేజర్ ప్రింటర్ ఉంటది, పేరు చెప్పను, చూస్తే గుర్తుపడతరు. లినక్స్ మీద దాన్ని నడిపించడం ఒక తపస్సు. నడవకపోతే ఫార్మాట్ పిల్లగాడు ఏం చేస్తడు? విండోస్ వేసి పోతడు, ఆయనకు అదే వచ్చు.

సర్కారు. కేంద్రం 2015లోనే ఓపెన్ సోర్స్‌కి మొగ్గు చూపాలె, పక్కన పెడితే కారణం చెప్పాలె అని పాలసీ రాసింది. మంచిదే. కానీ పాలసీ కాగితం వచ్చి మన అన్న పాత ఫోల్డర్‌ని మార్చదు. కేరళ బడులు ఓపెన్ సోర్స్‌కి మారినయి కదా అంటరు. అవును, ఆడ టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చిన్రు, పాఠ్యపుస్తకాలు దానికి తగ్గట్టు రాసిన్రు, పరీక్ష కూడా దాని మీదనే పెట్టిన్రు. మన దగ్గర సీడీలు పంచి ఫోటో దిగుతరు.

లైసెన్స్ భయం. ఓపెన్ సోర్స్‌లో చేసిన డిజైన్ అందరికీ ఇచ్చేయాలంట కదా అని అడుగుతరు. లేదు. మీ కార్డు మీదే.

అందుకే షాపులోళ్లకి నేను లినక్స్ వెయ్యమని చెప్పను. విండోస్ అట్లనే ఉండనీయండి. పక్కన స్క్రైబస్ 1.6 వేసుకోండి, ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ కాదు, ప్రెస్‌కి కావాల్సిన నాలుగు రంగుల లెక్క దానికి సరిగ్గా రాదు. రామరాజ, మల్లన్న, గిడుగు, పొన్నాల, ఇట్ల గూగుల్ ఫాంట్స్‌లో ఉచిత తెలుగు ఫాంట్లు ఉన్నయి. సీజన్ లేనప్పుడు, ఆషాఢంల, పాత ఫోల్డర్ నుంచి బాగా తిరిగే కార్డులు కొన్ని తీసి యూనికోడ్‌కి మార్చుకోండి. కన్వర్టర్లు ఉన్నయి, లింకులు కింద పెట్టిన. మార్చినంక ప్రతి పేరు ఒకసారి చదవండి, ముఖ్యంగా ఒత్తులు. కీబోర్డు సంగతి వచ్చే వీడియోల.