1974 గిటార్ పాతదే, కానీ మీరు వెతికే "పాత" అది కాదు

(క్లోజప్: పక్కపక్కన రెండు గిటార్లు, లోపలి నంబర్లు కనబడకుండా)

ముందు వినండి. జి కార్డ్, నెమ్మదిగా.

(మొదటి గిటార్. రెండు సెకన్ల ఆగుడు. రెండో గిటార్.)

రెండోదాంట్లో బాస్ నిండుగా ఉంది కదా? అదే పాతదనుకుని ఉంటారు. రెండూ మార్టిన్ అనే కంపెనీ గిటార్లే, అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం నజరెత్‌లో చేసినవి. మొదటిది 1974 నాటి డి-28 మోడల్. బాగా మోగిన రెండోది ఈమధ్య కొన్న హెచ్‌డి-28. పాతది నాది కాదు, ఒక ఫ్రెండ్‌ని బతిమాలి తెచ్చాను. గీత పడితే ఊరుకోనన్నాడు, అందుకే కింద దుప్పటి పరిచాను.

యాభై ఏళ్లు దాటిన చెక్క కొత్తదాని ముందు ఎందుకు తేలిపోయింది? సమాధానం గిటార్ కడుపులో ఉంది.

(తీగలు వదులు చేసి, సౌండ్‌హోల్‌లోంచి చిన్న అద్దం, ఫోన్ టార్చ్ పెట్టి చూపించాలి)

టాప్ కింద, అంటే గిటార్ ముందు పలక కింద, ఇంటూ గుర్తులా రెండు కర్రపట్టీలు కనిపిస్తున్నాయా? వీటినే బ్రేసింగ్ అంటారు. తీగలు లాగే బరువుకి పలచటి టాప్ లేచిపోకుండా ఆపేది ఇదే. 1974 దాంట్లో పట్టీ బండగా, నిండుగా ఉంది. ఇప్పుడు కొత్తదాంట్లో చూడండి. పట్టీని అక్కడక్కడా లోతుగా తోడేశారు, వేలు పెడితే గుంట తెలుస్తుంది. దీన్నే స్కాలప్డ్ బ్రేసింగ్ అంటారు. చెక్క తగ్గింది కాబట్టి టాప్ తేలిగ్గా ఊగుతుంది, స్పీకర్ కోన్‌లాగా. బాస్ అక్కడినుంచే వస్తుంది.

తమాషా ఏంటంటే, తోడేసిన పట్టీలే అసలు పాత పద్ధతి. కోట్లు పెట్టి కొనే 1930ల మార్టిన్లన్నీ ఇలాంటివే. ఆ రోజుల్లో జనం బరువైన తీగలు వేసి బాదేవాళ్లు. టాప్‌లు ఉబ్బి గిటార్లు రిపేర్‌కి తిరిగి రావడం మొదలైంది. దాంతో 1944 చివర్లో కంపెనీ తోడడం మానేసింది. 1960ల చివర్లో బ్రిడ్జ్ (టాప్ మీద తీగల్ని పట్టి ఉంచే చెక్క ముక్క) కింద ఉండే ప్లేట్‌ని కూడా పెద్దది చేసింది. రిపేర్లు తగ్గాయి, మోత కూడా తగ్గింది. 1976లో హెచ్‌డి-28 తెచ్చి మళ్లీ తోడడం మొదలుపెట్టారు. అంటే ఈ కొత్త గిటారే ఆ 1930ల గిటార్లకి దగ్గర చుట్టం. 1974 ది నడిమధ్య పుట్టి ఇరుక్కుపోయింది, పాపం.

చెక్క సంగతి కూడా చెప్పాలి, మనకి సంబంధం ఉన్నది అక్కడే. 1969 దాకా డి-28 వెనక చెక్క బ్రెజిలియన్ రోజ్‌వుడ్. బ్రెజిల్ దుంగల ఎగుమతి ఆపేయడంతో మార్టిన్ వాళ్లు ఇండియన్ రోజ్‌వుడ్‌కి మారారు. మన దగ్గర జిట్రేగి అంటారే, ఆ చెట్టే. మన అడవుల్లో పెరిగే జాతి చెక్క నజరెత్‌లో గిటార్ అయింది, మనం మాత్రం బ్రెజిల్ చెక్క కోసం నిట్టూరుస్తున్నాం! పైగా 1992 నుంచి బ్రెజిలియన్ రోజ్‌వుడ్ మీద అంతర్జాతీయ ఆంక్షలున్నాయి. పర్మిట్ లేకుండా ఆ గిటార్‌ని దేశం దాటించి అమ్మడం కుదరదు. అమెరికాలో ఉన్న తమ్ముడితో ఒకటి కొనిపించి తెప్పించుకుందామనుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోండి.

అంత తేడా ఉందా ఆ చెక్కలో? ఇంగ్లండ్‌లో లాంకాస్టర్ యూనివర్సిటీ వాళ్లు పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. వెనకా పక్కలా వేసే చెక్క తప్ప మిగతాదంతా ఒకేలా ఉండే ఆరు గిటార్లు చేయించారు. 52 మంది గిటారిస్టులకి వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టి, మసక గదిలో వాయించమన్నారు. ఆరింటికీ దాదాపు ఒకేలా మార్కులు పడ్డాయి. వాటిలో బ్రెజిలియన్, ఇండియన్ రోజ్‌వుడ్ రెండూ ఉన్నాయి.

మరి వయసుకి విలువే లేదా? ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ చెక్కలోని హెమిసెల్యులోజ్ అనే పదార్థం విడిపోతుంది, చెక్క తేలికవుతుంది. కొత్త చెక్కని ఆక్సిజన్ లేని బట్టీలో వేడిచేసి ఇదే పని తొందరగా చేయిస్తున్నారు. మార్టిన్ 2015 నుంచి కొన్ని మోడల్స్‌లో ఇలాంటి టాప్ వాడుతోంది. పాతదాంతో సమానం అవుతుందా అంటే, నా చెవికి దగ్గరగా వస్తుంది, అంతే. ఇంకో సంగతి: 1930ల గిటార్లలో బాగా మోగినవాటిని జనం అపురూపంగా దాచుకున్నారు. మోగనివి అటకెక్కాయి, విరిగాయి, పోయాయి. మన చేతికొచ్చేవి ఎనభై ఏళ్లుగా వడగట్టినవి. కొత్తవాటికి ఆ వడపోత ఇంకా జరగలేదు.

పాతది కొనాలనే ఉంటే చెక్క పేరుకన్నా ముందు నెక్, అంటే వేళ్లతో తీగలు నొక్కే పొడుగు కాడ, చూడండి.

(స్టీల్ స్కేల్‌ని నెక్ మీది ఫ్రెట్ల మీద, అంటే అడ్డంగా ఉండే లోహపు గీతల మీద ఆనించి బ్రిడ్జ్ దాకా జరపాలి)

స్కేల్ కొస బ్రిడ్జ్ పైఅంచుని తాకీ తాకనట్టు ఉండాలి. ఈ 1974 దాంట్లో చూడండి, బ్రిడ్జ్‌కి గుద్దుకుని ఆగిపోయింది. అంటే నెక్ ముందుకి వాలింది. 1985కి ముందు మార్టిన్ నెక్‌లలో తిప్పి సరిచేసుకునే రాడ్ లేదు, ఉన్నా ఈ వాలుకి అది మందు కాదు. నెక్ ఊడదీసి కోణం సరిచేసి మళ్లీ అతికించాలి. ఆ పని తెలిసినవాళ్లు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు నాలుగు మిల్లీమీటర్లు వచ్చింది, రెండున్నర ఉంటే హాయి. తీగల్ని కిందికి దించుదామంటే శాడిల్‌ని, అంటే బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్నటి పట్టీని, ఇప్పటికే ఎవరో అరగదీసేశారు, అగ్గిపుల్ల మందం కూడా మిగల్లేదు.

కొన్నప్పుడు మా ఫ్రెండ్ ఇవేమీ చూడలేదు. లోపలున్న సీరియల్ నంబర్ చూసి, సంవత్సరం లెక్కగట్టి, వెంటనే డబ్బు కట్టేశాడు. నెక్ సంగతి వాడికి ఇంకా తెలీదు. ఆదివారం గిటార్ తిరిగిచ్చేటప్పుడు చెప్తాను, టిఫిన్ అయ్యాక.