ఫోన్-ఇన్: జింజర్ లిల్లీకి ఆకులే, పూలేవి?

యాంకర్: లైన్లో ఎవరో ఉన్నారు. హలో, చెప్పండి.

కాలర్ 1: నమస్కారం మేడమ్. తెల్ల జింజర్ లిల్లీ పెట్టి మూడేళ్లయిందండీ. గడ్డ మా అక్క ఇచ్చింది. సాయంత్రమైతే చాలు వాళ్ల పెరడంతా ఘుమఘుమ. మాకు ఒక్క పువ్వూ లేదు. ఆకులు మాత్రం నిలువెత్తు...

నిపుణురాలు: ఎండ ఎంతసేపు తగులుతుందమ్మా?

కాలర్ 1: పొద్దున మూడు గంటలు. తర్వాత నీడే.

నిపుణురాలు: సరిపోతుంది. గడ్డ ఎంత లోతున పెట్టారు?

కాలర్ 1: జానెడు. పడిపోకుండా ఉంటుందని.

నిపుణురాలు: అందరూ చేసే తప్పే ఇది. ఇది అల్లం కుటుంబం, గడ్డ పైపైనే పాకుతుంది. మీద అంగుళం, రెండంగుళాల మట్టి చాలు. లోతుగా పాతకండి, పాతకండి అని ప్రతిసారీ చెప్తూనే ఉన్నాను. సరే, మూడేళ్లలో అదే పైకొచ్చి ఉంటుంది. ఎరువు?

కాలర్ 1: నెలకోసారి గుప్పెడు యూరియా.

నిపుణురాలు: ఆపేయండి. దానికి ఆకులే వస్తాయి. మాగిన పశువుల ఎరువు వేయండి.

కాలర్ 1: అలాగేనండీ. కానీ పూలెందుకు రావట్లేదంటారు? నీళ్లు రోజూ పోస్తున్నా, వాలిపోతుంటే చివర్లు కత్తిరిస్తున్నా...

నిపుణురాలు: ఆగండాగండి. చివర్లు కత్తిరిస్తున్నారా?

కాలర్ 1: నెలనెలా. గుబురుగా వస్తుందని.

నిపుణురాలు: అయ్యో తల్లీ, పువ్వొచ్చేది ఆ చివరే కదా! కాండం కొసన ఆకుపచ్చని కంకిలాంటిది వస్తుంది, దాని పొరల్లోంచి మొగ్గలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. దాన్నే మీరు కోసేస్తున్నారు. వాలితే కర్ర కట్టండి.

కాలర్ 1: అంటే అసలు కత్తిరించకూడదా?

నిపుణురాలు: పూసి అయిపోయిన కాండాన్ని మొదలుకంటా కోయండి. అది మళ్లీ పూయదు. పూయనిదాని జోలికి వెళ్లొద్దు.

యాంకర్: థాంక్యూ అండీ. తర్వాతి కాలర్.

కాలర్ 2: కుండీలో వస్తుందా మేడమ్?

నిపుణురాలు: వస్తుంది. వెడల్పాటి కుండీ తీసుకోండి, గడ్డ అడ్డంగా పాకుతుంది. అడుగున రంధ్రాలుండాలి. గడ్డ లోతుగా పాతకండి.

కాలర్ 2: మరి మట్టి...

యాంకర్: టైమ్ తక్కువగా ఉందండీ. మరో కాలర్.

కాలర్ 3: మాకు కాలువ గట్టుంది. అక్కడ వేస్తే నీళ్లు పోసే పని ఉండదు కదా?

నిపుణురాలు: వద్దు బాబూ. గడ్డ ముక్క కొట్టుకుపోయినా ఎక్కడో మొలుస్తుంది. హవాయి దీవుల్లో తోటల కోసం తెచ్చిన జింజర్ లిల్లీలు అడవుల్లోకి పాకి అక్కడి మొక్కల్ని అణిచేశాయి. పెరట్లోనే ఉంచండి, గుబురు ఒత్తుగా అయితే తవ్వి విడదీయండి. ప్రతి ముక్కకీ కన్ను, అంటే మొలక వచ్చే చోటు, ఉండాలి.

యాంకర్: ఇందాకటి అమ్మగారే మళ్లీ లైన్లోకి వచ్చారు...

కాలర్ 1: మేడమ్, నిన్న కోసిన చివర్లున్నాయి. నీళ్లలో పెడితే వేళ్లొస్తాయా?

నిపుణురాలు: రావమ్మా. గడ్డ కావాలి. ముందు ఆ కత్తెర లోపల పెట్టేయండి.