ఫోన్-ఇన్: ఫౌజీలు, హోటల్ ఫ్రాంచైజీలు (డేవ్ థామస్ వర్ధంతి సందర్భంగా)

యాంకర్: నమస్కారం. ఈరోజు జనవరి 8. అమెరికాలో వెండీస్ హోటళ్లు స్థాపించిన డేవ్ థామస్ 2002లో ఇదే రోజున పోయారు. మన సికింద్రాబాద్ వైపు రిటైరైన ఫౌజీలు చాలామంది ఫ్రాంచైజీల గురించి, అంటే ఒక కంపెనీకి ఫీజు కట్టి దాని పేరుతో షాపు పెట్టుకోవడం గురించి, అడుగుతున్నారు కాబట్టి ఆయన్ను తలుచుకుంటూ ఈ కార్యక్రమం. సార్, ముందు ఆయన గురించి చెప్పండి.

నిపుణుడు: నమస్కారమండీ. థామస్ 1950లో, పద్దెనిమిదేళ్ల వయసులో ఆర్మీలో చేరారు. ఫోర్ట్ బెన్నింగ్‌లో వంట, బేకరీ శిక్షణ తీసుకున్నారు. తర్వాత జర్మనీలో రోజూ రెండు వేలమంది జవాన్లకు వండి పెట్టే మెస్సు చూశారు. స్టాఫ్ సార్జెంటుగా 1953లో బయటికొచ్చారు. 1962లో అమెరికాలోని కొలంబస్‌లో నష్టాల్లో ఉన్న నాలుగు కేఎఫ్‌సీ షాపులు ఆయన చేతికొచ్చాయి. కొత్త వంటకాలు పెట్టలేదు, ఉన్నవాటినే తగ్గించారు. మెనూ చాంతాడంత ఉండేది, దాన్ని చికెన్ మీద నిలబెట్టారు. 1968లో తన వాటా అమ్మేసి, 1969 నవంబరులో వెండీస్ తెరిచారు. ఫ్రాంచైజీలు ఇవ్వడం 1972లో మొదలుపెట్టారు. అదీ షాపుకొకరికి కాదు, ఒక ప్రాంతం మొత్తం ఒకరికే. వంటిల్లు, లెక్కలు చేతికొచ్చాకే షాపు పెట్టిన మనిషి ఆయన. మనవాళ్లేమో ముందు డబ్బు కట్టి, తర్వాత వంటిల్లు చూస్తున్నారు.

యాంకర్: మొదటి కాలర్, సైనిక్‌పురి నుంచి.

కాలర్: జై హింద్ సార్. నేను రిటైర్డ్ సుబేదార్‌ను. మా బావమరిది ఒక బిర్యానీ కంపెనీ గురించి చెప్పాడు. ఏఎస్ రావు నగర్‌లో మడిగె చూసినం, అద్దె లక్ష. మా పిలగాడు ఇంజనీరింగ్ చేసి ఖాళీగనే ఉన్నడు, గల్లా మీద కూర్చుంటడు. మా ఇంటామె ఏమో వద్దంటది. కంపెనోళ్లు మాత్రం నెలకు ఆరు లక్షల సేల్ ఖాయం అంటున్నరు. పెన్షన్ కమ్యుటేషన్ పైసలున్నయి. పెట్టమంటరా?

నిపుణుడు: జై హింద్ సుబేదార్ సాబ్. కాగితం తీసుకోండి. రాయల్టీ, అంటే బ్రాండు వాడుకున్నందుకు సేల్ మీద కంపెనీకి కట్టేది, ఎంతన్నారు?

కాలర్: ఆరు శాతం. యాడ్స్‌కని ఇంకో రెండు. బ్రాండు మాత్రం మంచిదే సార్, మా కాలనీల అందరికీ...

నిపుణుడు: రాసుకోండి. ఆరు లక్షల మీద ఆరు శాతం 36,000. దాని మీద జీఎస్టీ 18 శాతం, 42,480 అయింది. యాడ్స్ 12,000, జీఎస్టీతో 14,160. అద్దె లక్ష, ఓనరు జీఎస్టీ వేస్తే 1,18,000. మీరు గిరాకీ దగ్గర తీసుకునేది 5 శాతం జీఎస్టీ. ఆ పద్ధతిలో ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే మీరు ఇతరులకు కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోలేరు, కాబట్టి మీరు కట్టిన 18 శాతం మీ జేబులోంచే పోయినట్టు. సేల్‌లో సగం డెలివరీ యాప్‌ల మీద వస్తే మూడు లక్షలు. కమీషను పాతిక శాతం అనుకోండి, 75,000. జీఎస్టీతో 88,500. సరుకుకు 35 శాతం, 2,10,000. జీతాలు 1,20,000. కరెంటు, గ్యాసు 50,000. కూడండి.

కాలర్: ఒక్క నిమిషం సార్... ఆరు లక్షల నలభై మూడు వేల చిల్లర వస్తుంది.

నిపుణుడు: 6,43,140. ఆరు లక్షలు వచ్చినా నెలకు 43,140 చేతి నుంచి పోతుంది. ఇందులో మీ అబ్బాయి జీతం లేదు, పెట్టుబడి మీద వడ్డీ లేదు. సేల్ ఖాయం అన్నారు, లాభం ఖాయం అనలేదు, గమనించారా? అగ్రిమెంటులో ఇంకోటి చూడండి. యాప్‌లో డిస్కౌంటు ఇస్తే రాయల్టీ డిస్కౌంటు పోయాక వచ్చిన డబ్బు మీదా, మెనూ రేటు మీదా? మెనూ రేటు మీదంటే మీ చేతికి రాని పైసలకు కూడా రాయల్టీ కట్టాలి.

కాలర్: గదంతా సరే సార్. కంపెనోళ్లు మంచోళ్లే, ఫోన్ చేస్తే ఎత్తుతరు. అయితే పెట్టమంటరా, వద్దంటరా?

నిపుణుడు: సుబేదార్ సాబ్, ఇప్పుడేగా కూడారు! వాళ్ల పాత షాపులు మూడు మీరే ఎంచుకోండి, వాళ్లు చూపించినవి కాదు. ఆ ఓనర్ల దగ్గర ఏడాది జీఎస్టీ రిటర్నులు అడగండి. చూపించకపోతే లేచి వచ్చేయండి. మీ అబ్బాయిని ఒక షాపులో నెల రోజులు పనికి పెట్టండి. పొద్దున సరుకు దిగేటప్పటి నుంచి రాత్రి గల్లా కట్టేదాకా ఉండాలి. ఎంత బిర్యానీ మిగిలింది, ఎంత పారబోశారు రోజూ రాసుకురమ్మనండి. ఇక కమ్యుటేషన్ డబ్బు. సగం దాకా పెన్షన్ వదులుకుంటే వచ్చిన డబ్బు అది. ఆ కోత పదిహేనేళ్లకు గాని తిరిగి రాదు. దాన్ని ముట్టుకోవద్దు. ఇంటామె వద్దంటున్నది కూడా దాని గురించేనేమో, ఒకసారి కూర్చుని అడగండి.

కాలర్: ఆమె కూడా గదే అంటది సార్. సరే, జై హింద్.

యాంకర్: ఉప్పల్ నుంచి అక్కా, చెప్పండి.

కాలర్: నమస్తే అన్నా. మా ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో చేసి వచ్చారు. టిఫిన్ ఫ్రాంచైజీ అగ్రిమెంటు అయిదేళ్లకు రాశారు. మడిగె ఓనరు మాత్రం పదకొండు నెలలకే రాస్తానంటున్నాడు. ఇబ్బందా?

నిపుణుడు: పెద్ద ఇబ్బందమ్మా. ఓనరు ఖాళీ చేయమంటే సామాను, ఇంటీరియరు పోతుంది, ఫ్రాంచైజీ ఫీజు వెనక్కి రాదు. రెండూ ఒకే కాలానికి ఉండాలి. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాలి. మన దేశంలో ఫ్రాంచైజీకి ప్రత్యేక చట్టం లేదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టమే గతి. కాగితంలో ఏముంటే దాని మీదే కొట్లాడాలి. ఆ పేరు క్లాస్ 43లో, అంటే హోటల్ సేవల విభాగంలో, ట్రేడ్‌మార్కుగా రిజిస్టరైందా, లేక అప్లికేషనే పెట్టారా, ట్రేడ్‌మార్క్స్ వెబ్‌సైట్‌లో చూడండి. మూడు షాపుల రిటర్నులు మాత్రం మీరూ చూడాల్సిందే.

యాంకర్: థాంక్యూ అక్కా. తిరుమలగిరి నుంచి తమ్ముడు.

కాలర్: సార్, కేఎఫ్‌సీ కల్నల్ సాండర్స్ కూడా ఆర్మీయేనా?

నిపుణుడు: 1906-07లో కొద్ది నెలలు ఆర్మీలో, క్యూబాలో ఉన్నారు. కల్నల్ మాత్రం ర్యాంకు కాదు, కెంటకీ గవర్నరు ఇచ్చిన గౌరవ బిరుదు. ఆయన మొదటి ఫ్రాంచైజీ 1952లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ ప్రాంతంలో ఇచ్చారు. థామస్ ఆయన దగ్గరే ఈ వ్యాపారం నేర్చుకున్నారు.

కాలర్: మరి ఆయన చదువు...

నిపుణుడు: థామస్‌దా? బడి మధ్యలో మానేశారు. 1993లో, అప్పటికే అంత పేరు వచ్చాక, హైస్కూలు పరీక్ష రాసి పాసయ్యారు. ఆయనంటే నాకు గౌరవం అందుకే. దత్తతకు వెళ్లి పెరిగిన మనిషి, దత్తత కోసం ఎదురుచూసే పిల్లల కోసం 1992లో ఫౌండేషన్ కూడా పెట్టారు.

యాంకర్: వనస్థలిపురం కాలర్, కొంచెం తొందరగా.

కాలర్: అపార్టుమెంటు కింద మడిగె తీసుకున్నాం సార్. అడ్వాన్స్ ఇచ్చేశాం. పొగ గొట్టానికి పైవాళ్లు ఒప్పుకోవట్లేదు.

నిపుణుడు: డక్టు, అంటే ఆ పొగ గొట్టం, టెర్రస్ పైదాకా పోవాల్సిందే. కిటికీ పక్కకు వదిలితే ఫిర్యాదులు వస్తాయి, వంటిల్లు మూసేయాల్సి వస్తుంది. అసోసియేషన్ రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే పొయ్యి మీద పొగ లాగే హుడ్డు ఆర్డరివ్వండి. హుడ్డు పొయ్యి కన్నా అన్ని వైపులా ఆరంగుళాలు ఎక్కువ ఉండాలి. బయటి గాలి లోపలికొచ్చే దారి వదలండి, లేకపోతే ఫ్యానెంత పెద్దదైనా పొగ హాల్లోకే తిరుగుతుంది. గ్యాసు 19 కిలోల సిలిండర్లు బయట పెట్టి పైపుతో లాగించండి. అసోసియేషన్ ఒప్పుకోకపోతే అడ్వాన్స్...

కాలర్: అడ్వాన్స్ వెనక్కి ఇస్తాడంటారా?

నిపుణుడు: రసీదులో "హోటల్ కోసం" అని రాయించారా?

కాలర్: లేదు సార్, షాపు అని మాత్రమే.

నిపుణుడు: అయితే ఈరోజే ఓనరుకు లెటరు ఇవ్వండి. హోటల్ కోసమే తీసుకున్నామని, డక్టుకు దారి లేకపోతే అడ్వాన్స్ వాపసు కావాలని రాసి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి.

యాంకర్: సమయం అయిపోయింది. లైన్లో ఉన్నవాళ్లు క్షమించాలి. నమస్కారం.