పొయ్యిని తిట్టకండి, కట్టెను చూడండి

[కెమెరా ముందు నాలుగు కట్టెలు. ముందు పచ్చివి రెండు ఒకదానికొకటి కొట్టాలి, తర్వాత ఎండినవి.]

విన్నారా? మొదటి జత ధబ్బుమంది, రెండో జత టంగుమంది. అన్నీ సర్కారు తుమ్మే, ఒకే చెట్టువి.

మొన్న దేవరకొండ దగ్గర మా మామ ఇంటికి పోయాను. గొట్టం పెట్టిన కొత్త పొయ్యి కట్టించుకున్నాడు. వంటింటి నిండా పొగ. అత్తమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఊదుగొట్టంతో ఊదుతూనే ఉంది. మామేమో, "పొయ్యి కట్టినోడు ముంచిండు అల్లుడా" అంటాడు. కట్టె ఎప్పుడు కొట్టించావు మామా అంటే, "పోయిన వారం. పైన చూడు, ఎట్ల ఎండిందో!"

ఈ ‘పైన చూడు’ అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

[గొంగడి తెచ్చి మడత పెట్టాలి.]

బాగా నానిన గొంగడిని నాలుగు మడతలు పెట్టి ఎండలో వదిలేయండి. సాయంత్రానికి పై మడత గరగరలాడుతుంది. విప్పితే లోపల తడి తడిగానే ఉంటుంది. చీల్చని మొద్దు కూడా మడత విప్పని గొంగడే. పైగా దాని చుట్టూ బెరడు. చెట్టు బతికున్నప్పుడు నీళ్ళు పోకుండా కాపాడిన తోలు అది, కొట్టేశాక కూడా ఆ పని మానదు.

చెట్టును బట్టి పచ్చి కట్టె బరువులో మూడో వంతు నుంచి సగం దాకా నీళ్ళే. 10 కిలోలు పొయ్యిలో పెడితే 4 లీటర్ల నీళ్ళు కూడా పెట్టారనుకోండి. ఒక లీటరు నీళ్ళు మరగడానికి పట్టే వేడి ఒక ఎత్తు, మరిగిన ఆ లీటరు మొత్తం ఆవిరై పోవడానికి దానికి ఏడెనిమిది రెట్ల వేడి కావాలి. అదంతా మీ కట్టె లోంచే పోవాలి.

అయినా అసలు నష్టం ఇది కాదు. కట్టె వేడెక్కితే అందులోంచి వాయువులు వస్తాయి. మనకు కనిపించే మంట అవి కాలడమే. కట్టె బరువులో ఎక్కువ భాగం ఇలాగే పోతుంది. పొయ్యి సరిపడా వేడెక్కకపోతే అవి కాలకుండా పొగై పోతాయి. అంటే పొగ కూడా మీ కట్టెనే! మామ పొయ్యి గొట్టం లోపల నల్లగా, జిగటగా పట్టింది కూడా అదే. మళ్ళీ తిట్లు మాత్రం పొయ్యి కట్టినాయనకు.

మరి గొంగడి మడత విప్పేదెట్లా? గొడ్డలితో.

[మొద్దు చివర దగ్గరగా చూపించాలి.]

కట్టెలో సన్నని గొట్టాలు నిలువునా ఉంటాయి. నీళ్ళు కోసిన చివరల నుంచి తొందరగా పోతాయి, పక్కల నుంచి చాలా నెమ్మది. అందుకే ముందు మూరెడు ముక్కలు కోయండి, తర్వాత మణికట్టు లావు వచ్చేదాకా నిలువునా చీల్చండి. తుమ్మనైతే పచ్చిగా ఉన్నప్పుడే చీల్చాలి, ఎండితే గొడ్డలికి లొంగదు. కింద ఇంకో మొద్దు వేసుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, చివర పగులు ఎటు పోతే అటే కొట్టండి. కొమ్మ మొలిచిన ముడి మీద మాత్రం కొట్టొద్దు. పేళ్ళు ఎగురుతాయి, కళ్ళజోడు పెట్టుకోండి. మా తాత పెట్టుకున్నాడా అని అడగకండి, తాతకు ఎడమ కన్ను సరిగ్గా కనపడేది కాదు.

చింత, వేప మెలి తిరిగిన కట్టెలు. మటన్ కొట్టే మొద్దు చింతదే ఎందుకు పెడతారు? కత్తి దెబ్బలు ఎన్ని పడినా చీలదు కాబట్టి. దాంతో కుస్తీ పట్టాలనుకుంటే పగుల్లో ఇనుప ముక్క పెట్టి సమ్మెటతో కొట్టండి. నేనైతే పట్టను.

పేర్చేటప్పుడు రాళ్ళ మీద, నేలకు తగలకుండా, సందులు వదిలి పేర్చండి. నేలకు తగిలితే చెదలు పడతాయి. వానకు పైన మాత్రమే కప్పండి. మామ చుట్టూతా టార్పాలిన్ చుట్టి తాడు కట్టాడు. తడి గొంగడిని సంచిలో కుక్కి మూతి కట్టినట్టన్నమాట.

ఫిబ్రవరి, మార్చిలో చీలిస్తే మన ఎండలకు మృగశిర నాటికి మణికట్టు లావువి చాలామటుకు ఎండుతాయి. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, కట్టె ఎంత? ఎండిన కట్టె మీద ఒక వాన పడిందని టెన్షన్ పడకండి. గొంగడి కప్పుకున్న గొర్లకాపరి మీద చినుకు పడినట్టే. అది పై తడి, రెండు రోజుల ఎండకు పోతుంది.

[బ్యాటరీ గుర్తు ఎర్రగా.]

అయిపోవచ్చింది, తొందరగా చెప్తా. ఒక కట్టెకు సుద్దతో గుర్తు పెట్టి వారానికోసారి తూచండి. తూకం తగ్గడం ఆగితే ఎండినట్టు. చివరల్లో పగుళ్ళు, ఊడే బెరడు, టంగుమనే చప్పుడు కూడా గుర్తులే. కుప్పలోంచి తీసేటప్పుడు ముందు కర్రతో కదిలించండి, తేళ్ళుంటాయి. సర్కారు తుమ్మ ముల్లు చెప్పును కూడా దాటుతుంది, మందపాటి బూట్లు వేసుకోం—

[ఆగిపోయింది. ఇట్లనే పెట్టేద్దాం.]